తడి చీరకు భయపడిన నన్ను దేవుడు నీళ్లలోకి దింపాడు

సహోదరులారా, సహోదరీలారా, తాగుడు మానిన వాళ్ల సాక్ష్యాలు మనం చాలా విన్నాం, విని చప్పట్లు కొట్టాం, కానీ తిండి ఆపుకోలేక పాడైపోయిన మనిషి సాక్ష్యం, నాది కాక ఇంకొకటి, మీలో ఎవరైనా విన్నారా? నేను వినలేదు, అందుకే సిగ్గు పక్కన పెట్టి నాది నేనే మళ్లీ, ఈసారి పూర్తిగా చెబుతున్నాను. నా పేరు సుగుణ, మా ఇల్లు పాల్మాకులలో. శంషాబాద్‌లో బస్సులు ఆగే చోట, బెంగుళూరు రోడ్డు పక్కన మిర్చి బజ్జీల బండి నాదే. మీలో సగం మంది నా చేతి బజ్జీలు తిన్నవాళ్లే కాబట్టి నేను ఎంత లావుగా ఉండేదాన్నో మీకు చెప్పక్కరలేదు, ఆ లావు లోపల ఎంత చీకటి ఉండేదో మాత్రం చెబుతాను.

పెళ్లయిన కొత్తలో నాకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి దేవుడు ఇవ్వలేదు. మా ఆయన నర్సింలు మంచివాడే, ద్రాక్ష పెట్టెలు మార్కెట్‌కు తోలే ట్రాలీ ఆటో నడుపుతాడు, ఒక్క మాట కూడా అనలేదు, మా అత్తమ్మ మల్లమ్మ కూడా అనలేదు, అన్నవాళ్లు ఊళ్లో ఉన్నారు. ఏడుపు వచ్చినప్పుడల్లా నేను తినడం నేర్చుకున్నాను. మొదటి వాయ బజ్జీలు నాకే, చివరి వాయలో మాడినవీ నాకే, మధ్యలో రుచి చూడడం పేరు మీద ఇంకొన్ని, ఇంటికి పోయి మళ్లీ అన్నం. ఆకలి అనేది ఎలా ఉంటుందో మరచిపోయాను, అయినా నోరు ఆగేది కాదు. బస్సు ఎక్కితే ఒక్క సీటు చాలేది కాదు, మోకాళ్లు మొరాయించాయి, ఆయాసం, ఆపైన షుగరు. ఒకరోజు బండి పక్కనే జారి పడితే లేవలేక రోడ్డు మీద కూర్చుండిపోయాను, నన్ను లేపడానికి ఎంతమంది వచ్చారో, ఎంతమంది నవ్వారో, రెండూ నాకు గుర్తున్నాయి.

అలా లేపినవాళ్లలో మన పాస్టరయ్య ఒకరు. ఆయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి ప్రార్థన చేసి వెళ్లిపోయారు, ఉపదేశం ఏమీ చేయలేదు. ఆ ఆదివారం నేను మొదటిసారి మందిరానికి వచ్చి, చివరి వరుసలో కూర్చుని, ప్రార్థన చేయడం రాక, వచ్చిన మాటల్లోనే చెప్పుకున్నాను. "ప్రభువా, నాకు ఆకలి అయితలేదు, అయినా తింటున్న. నాతోని ఆగుతలేదు. నువ్వన్నా ఆపు." అంతే నా ప్రార్థన. ఒక్కరోజులో ఆగిందని చెబితే అబద్ధం అవుతుంది. కానీ ఆ రోజు నుంచి ప్రతి వాయ నూనెలో వేసే ముందు ఆ ప్రార్థనే చేసేదాన్ని, షుగరు డాక్టరమ్మ చెప్పిన జొన్నరొట్టె, ఆకుకూర తిన్నాను, ఆటో ముందే దిగి మొదట కొంచెం దూరం, తర్వాత ఇంకొంచెం, చివరికి ఇంటి నుంచి బండి దాకా మొత్తం నడిచాను, అలా రెండేళ్లు దాటేసరికి నాలో సగం మనిషి కరిగిపోయింది. దేవునికే మహిమ.

అప్పుడు నేను ఇక్కడే నిలబడి సాక్ష్యం చెప్పాను, మీరంతా విన్నారు. కానీ అది సగం సాక్ష్యమే, మిగతా సగం చీర కింద ఉంది. కొవ్వు పోయింది గానీ తోలు పోలేదు సహోదరులారా. గాలి తీసిన ట్యూబులాగా చేతుల కింద, తొడల మీద వేలాడింది, పొట్ట తోలైతే కిందికి జారి, కూర్చుంటే ఒడిలో పడుకునేది. దాని మడత కింద చెమట పట్టి ఒరుసుకుని పుండ్లు పడేవి, ఎండాకాలం బండి ముందు నిలబడితే ఆ మంట నాకు తెలుసు, దేవునికి తెలుసు. పాత పంచె చింపి మడతలో పెట్టుకుని, పైన గుడ్డతో బిగించి కట్టుకుని, వాసన వస్తుందేమోనని మనుషులకు దూరంగా నిలబడేదాన్ని. ముఖం కూడా సన్నబడి వేలాడేసరికి నాకేదో పెద్ద జబ్బు వచ్చిందని పుకారు పుట్టి కొందరు బజ్జీలు కొనడం మానేశారు. లావుగా ఉన్నప్పుడు నవ్వారు, సన్నబడితే భయపడ్డారు, ఈ లోకాన్ని మెప్పించడం ఎవరి వల్ల అవుతుంది చెప్పండి.

వీటన్నిటికంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. మన సంఘంలో బాప్తిస్మం ద్రాక్షతోటలోని హౌజులో ఇస్తారు కదా, మోటారు నీళ్లు పట్టే ఆ సిమెంటు తొట్టిలోకి తెల్లబట్టలతో దిగాలి, మునగాలి, అందరి ముందు లేవాలి. తెల్లచీర తడిస్తే ఒంటికి అతుక్కుంటుంది, ఇక దాచడానికి ఏమీ ఉండదు. నాకు బాప్తిస్మం తీసుకోవాలని ప్రాణం కొట్టుకునేది, కానీ పేరు ఇవ్వాల్సిన వారం రాగానే ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. నా తర్వాత విశ్వాసంలోకి వచ్చినవాళ్లు కూడా దిగి లేచారు, నేను గట్టు మీద నిలబడి వాళ్లకు తువ్వాళ్లు అందించాను. సంఘపెద్ద ఒకాయన, "సుగుణమ్మా, నీ మనసు ఇంకా మారలేదా ఏంది?" అని అడిగారు. పాస్టరమ్మ పాపం, తెల్లచీరకు మొహమాటపడుతున్నాననుకుని రంగు చీర కట్టుకోమన్నారు. రంగు చీరైనా తడిస్తే అతుక్కోదా? అసలు కారణం ఎవరికీ చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి, "ప్రభువా, కొవ్వు తీసినవ్, దాని సంచి ఎందుకు ఉంచినవ్? నీ ముందుకు వస్తనంటే ఇదే అడ్డం వడ్తున్నది" అని ఏడ్చాను.

ఒకసారి ఆ పుండ్లు చీము పట్టి జ్వరం వస్తే, షుగరు డాక్టరమ్మ చీర జరిపి చూసి, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని కోప్పడి, పట్నంలోని పెద్ద సర్కారు దవాఖానలో ప్లాస్టిక్ సర్జరీ వార్డుకు వెళ్లమంది. ఆ తోలు కోసి తీసేయవచ్చని చెప్పింది గానీ, నా చెవుల్లో మిగిలింది ప్లాస్టిక్ అన్న మాట ఒక్కటే. ఇంటికి వచ్చి చెబితే మా అత్తమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది. "ప్లాస్టికా? తోలు తీసి ప్లాస్టిక్ కుడ్తరా? పొద్దంతా పొయ్యి ముంగట నిలబడేదానివి, కరిగిపోతే ఏం జేస్తవే?" అంది. మీరు నవ్వుతున్నారు, కానీ ఆ రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే నేనూ అలాగే అనుకున్నాను. బండి దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో ఒకామె, "బకీట్ల ప్లాస్టికా, కవర్ల ప్లాస్టికా అక్కా?" అని అడిగింది. ఆ సంఘపెద్ద ఇంకో అడుగు ముందుకేసి, "ఒంట్ల ప్లాస్టిక్ వెట్టుకుంటే పునరుత్థానం నాడు ఎట్ల లేస్తవమ్మా?" అన్నారు. పొయ్యి దగ్గర కరిగిపోయినా భరించవచ్చు, ప్రభువు పిలిచిన రోజు లేవకపోతే ఎలా? ఆ ఒక్క మాటకు భయపడి ఇంకో ఎండాకాలం మొత్తం ఆ మంటతోనే గడిపాను.

చివరికి మళ్లీ జ్వరం వచ్చాక, "ప్రభువా, నాకైతే తెలుస్తలేదు, తెలిసినోళ్ల నోట నువ్వే చెప్పిపియ్యి" అని ప్రార్థన చేసి, అత్తమ్మను వెంటబెట్టుకుని పట్నం వెళ్లాను. ఆ వార్డులో ఉన్న డాక్టరమ్మ కోస్తా మనిషి, మాట నెమ్మది. మా అత్తమ్మ కూర్చోకముందే, "ఏం ప్లాస్టిక్ వెడ్తరమ్మా, కరుగుతదా?" అని అడిగేసింది. ఆమె నవ్వు ఆపుకుని, "ప్లాస్టిక్ అనేది ఉత్త పేరేనండి. మేము ఏమీ పెట్టం. అక్కర్లేని చర్మం కోసేసి, మిగిలింది కిందికి లాగి కుట్టేస్తాం" అన్నారు. మా అత్తమ్మ, "అంటే కటింగా?" అంది. డాక్టరమ్మకు అర్థం కాలేదు గానీ, అవునండీ కటింగే అన్నారు. మా అత్తమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ద్రాక్షతోటల్లో కూలికి పోయిన మనిషి, ఏటా అక్కర్లేని తీగెలు కోసి తోటకు కటింగ్ చేసిన చెయ్యి అది. "మరి గట్ల చెప్పక ప్లాస్టిక్ ప్లాస్టిక్ అని మమ్ముల పరేషాన్ జేసుడేంది?" అని డాక్టరమ్మను మందలించి, నా వైపు తిరిగి, "చేపించుకో బిడ్డా" అంది. ఇంట్లో పెద్దదిక్కు ఒప్పుకుంది, దేవుడు నోరు తెరిచి చెప్పినట్టే అనిపించింది నాకు.

ఇప్పుడు నేను చెప్పేది కొంచెం శ్రద్ధగా వినండి, ఎందుకంటే నాలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకు ఇవి ముందే తెలియాలి. వెళ్లిన వెంటనే ఆపరేషన్ చేయరు. బరువు తగ్గడం ఆగి కొన్ని నెలల పాటు ఒక్కచోట నిలబడాలన్నారు, షుగరు అదుపులో ఉండాలన్నారు, పుండ్లు మానాలన్నారు, రక్తం తక్కువుందని మాత్రలు ఇచ్చారు. ఇది సన్నబడే ఆపరేషన్ కాదని, తిండి మళ్లీ పెరిగితే పొట్ట మళ్లీ వస్తుందని, ఈ నడుము చివరి నుంచి ఆ నడుము చివరి దాకా పెద్ద మచ్చ బతికినన్నాళ్లూ ఉంటుందని చెప్పారు. పొట్ట తోలు మాత్రమే తీస్తామని, చేతులవీ తొడలవీ అలాగే ఉంటాయని కూడా చెప్పారు. ఈ చివరి మాట నేను విన్నాను గానీ లోపలికి తీసుకోలేదు. పొట్ట పోతే చాలు, నా సిగ్గు మొత్తం దానితో పోతుంది అనుకున్నాను.

ఆపరేషన్‌కు ముందు నన్ను నిలబెట్టి పెన్నుతో పొట్ట మీద గీతలు గీశారు. ఇన్నేళ్లు గోడలకు కూడా చూపించని ఒళ్లు అలా వెలుతురులో నిలబెట్టి చూపించడం నాకు కత్తి కంటే కష్టమైంది, కళ్లు మూసుకుని, "ప్రభువా, నువ్వు చేసిన ఒళ్లే గదా, నువ్వు జర పక్కన నిలబడు" అనుకున్నాను. మత్తు ఇచ్చారు, తర్వాత ఏమీ తెలియదు. మెలకువ వచ్చేసరికి పొట్ట మీద బండరాయి పెట్టినంత బిగువు, మోకాళ్ల కింద దిండ్లు, రెండు పక్కలా సన్నని గొట్టాలు, వాటి చివర సీసాల్లోకి ఎర్రటి నీరు కారుతోంది. అది చూసి నా ప్రాణమే కారిపోతోందని భయపడ్డాను. మా అత్తమ్మ ఆ సీసాను ఎత్తి చూసి కింద పెట్టింది. "కటింగ్ అయినంక తీగె నీళ్లు కారుస్తది, జూడలేదానే? నాలుగొద్దులు కారి అదే ఆగుతది. భయపడకు" అంది. నిజంగానే రోజురోజుకూ ఆ నీరు తగ్గింది, రంగు తేలింది, తర్వాత గొట్టాలు తీసేశారు.

మరుసటి రోజే లేపి నడిపించారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే నడవాలట. నిటారుగా నిలబడలేం, నిలబడకూడదు కూడా, ముసలమ్మలా నడుము వంచి నడవాలి. దగ్గు వస్తే పొట్టకు దిండు అదిమి పట్టుకుని దగ్గాలి. నవ్వు వస్తే ఇంకా కష్టం, ఆ కష్టం నాకు పక్క మంచం మీది అనసూయ వల్ల వచ్చింది. ఆమెది బాలాపూర్, స్టవ్వు పేలి మెడ, ఛాతీ, ఒక చెంప కాలాయి, గడ్డం వచ్చి ఛాతీకి అతుక్కుపోయింది, దాన్ని విడదీసి ఆమె తొడ తోలే తీసి మెడకు అతికించారు. ఆ వార్డు నిండా అలాంటి వాళ్లే సహోదరులారా, అందరూ తోలు లేక పడుకున్నవాళ్లు, నేనొక్కదాన్నే తోలు ఎక్కువై పోయినదాన్ని. అనసూయ నన్ను చూసి, "అక్కా, నీకు ఎక్కువైంది పారవోసుకుంటివి, నాకు జరంత ఇస్తే నీ సొమ్మేం పోతుండే?" అంది. ఇద్దరం నవ్వాం, నవ్వితే నా కుట్లు లాగాయి, ఆమె మెడ లాగింది, ఇద్దరం ఏడ్చాం కూడా.

నిజంగానే ఇవ్వవచ్చా అని డాక్టరమ్మను అడిగాను. ఒకరి చర్మం ఇంకొకరికి అతికినా నిలవదు, ఎవరిది వాళ్లకే అన్నారు. ఆ మాట నాలో చాలా రోజులు తిరిగింది. ఎవరి ఒళ్లు వాళ్లకు కొలిచి ఇచ్చిన దేవుడు, నాకు ఇచ్చిన దాన్ని నేను ఇన్నేళ్లు సంచి అని, అడ్డం అని తిట్టాను, ఇక్కడేమో జానెడు తోలు కోసం ఈ పిల్ల తన తొడ కోయించుకుంది. మంచం మీద పడుకునే ప్రార్థన చేశాను. "ప్రభువా, నువ్వు తీసిన తోలుకు స్తోత్రం. నువ్వు ఉంచిన తోలుకు కూడా స్తోత్రం." అనసూయ నాకంటే ముందు డిశ్చార్జి అయింది. పోయేటప్పుడు చెంప మీద కొంగు కప్పుకోమని వాళ్లమ్మ అంటే, "ఎన్నొద్దులని కప్పుకుంట అమ్మా? చూసేటోళ్లను చూడనీ" అని మెడ నిలబెట్టుకుని నడిచి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చాక కూడా పని అయిపోలేదు. పొట్టకు బిగుతు పట్టీ కట్టుకోవాలి, బరువులు ఎత్తకూడదు, నూనె మూకుడు ముట్టకూడదన్నారు, బండి మా అత్తమ్మ నడిపింది, ఉప్పు ఎక్కువ వేసి గిరాకీ పోగొట్టింది, ఈరోజు నాతో వచ్చి ఇక్కడే కూర్చుంది, ఆమె ముందే చెబుతున్నాను. కుట్టులో ఒక మూల విడిచి నీరు వచ్చింది, షుగరు మనుషులకు అలా అవుతుందట, కట్లు మార్చుకుంటూ పోతే మెల్లగా మానింది. వాపు నెలల తరబడి ఉంది. బొడ్డు కింద చెయ్యి పెడితే ఇప్పటికీ మొద్దుగా ఉంటుంది, వేరేవాళ్ల పొట్టను ముట్టుకున్నట్టు. కానీ పుండ్లు లేవు, మంట లేదు, వాసన లేదు. పాత పంచె గుడ్డలన్నీ పొయ్యిలో పెట్టి ఆ మంట మీదే చాయ్ కాచుకున్నాను.

మచ్చ ఎరుపు తగ్గి డాక్టరమ్మ సరే అన్నాక, బాప్తిస్మానికి నేనే వెళ్లి పేరు ఇచ్చాను. ఆ ఆదివారం మీలో చాలామంది తోటలో ఉన్నారు. ద్రాక్షకు అప్పుడే కటింగ్ అయింది, తీగెల కొనల నుంచి నీళ్లు బొట్లుగా రాలుతున్నాయి, హౌజు నిండుగా ఉంది, పాస్టరయ్య నడుము లోతు నీళ్లలో నిలబడి చెయ్యి చాచారు. నేను తెల్లచీరతో గట్టు ఎక్కాను. ఎక్కి, నీళ్లలోకి చూస్తే నా చేతులు కనిపించాయి. జాకెట్టు అంచు కింద రెండు చేతుల తోలు వేలాడుతోంది. డాక్టరమ్మ చెప్పిన ఆ చివరి మాట అప్పుడు లోపలికి దిగింది. తొడలు ఉన్నాయి, చేతులు ఉన్నాయి, చీర తడుస్తుంది, అందరూ చూస్తారు. పొట్టతో పాటు పోయిందనుకున్న సిగ్గు ఎక్కడికీ పోలేదు, నాకంటే ముందే గట్టు ఎక్కి కూర్చుంది. నా కాలు కదలలేదు. మీరు పాడిన చరణమే మళ్లీ మళ్లీ పాడుతున్నారు, పాస్టరయ్య చెయ్యి చాచి అలాగే ఉన్నారు, వెనక్కి తిరిగి వెళ్లిపోదామనిపించింది, వెళ్లిపోతే ఇక జన్మలో రానని కూడా తెలుసు.

మా అత్తమ్మ నన్ను కప్పడానికి దుప్పటి పట్టుకుని పక్కనే ఉంది. ఆమె మన సంఘంలో చేరలేదు, ఆమె దేవుళ్లు ఆమెకున్నారు, కోడలి కోసం వచ్చింది. నా ముఖం చూసింది, నేను చూస్తున్న చేతులు చూసింది, ఆమెకు గొంతు తగ్గించి మాట్లాడడం ఎప్పుడూ రాదు. "ఇంక ఏం కోయిపిచ్చుకుందామని నిలబడ్డవే?" అంది. "దిగు."

పాట ఆగిపోయింది, పాస్టరయ్య నవ్వారు, మీరంతా నవ్వారు, నాకూ నవ్వు ఆగలేదు, ఆ నవ్వుతోనే దిగాను, బోరు నీళ్లు చల్లగా నడుము దాకా వచ్చాయి, మునిగాను, లేచాను. చీర ఎక్కడెక్కడ అతుక్కోవాలో అక్కడంతా అతుక్కుంది. గట్టు ఎక్కగానే అత్తమ్మ దుప్పటి విప్పింది. "జర ఆగు అత్తమ్మా" అన్నాను. నీళ్లు కారుతూ, అందరి ముందు, ఎండలో కాసేపు అలాగే నిలబడ్డాను. నాకు చలి వేయలేదు, సిగ్గు కూడా వేయలేదు. ఆ కాసేపే నా సాక్ష్యంలో మిగతా సగం.

అక్కలారా, అన్నలారా, ఇది బాగయ్యాక వస్తాను, అది తగ్గాక వస్తాను అని గట్టు మీద నిలబడి ఇతరులకు తువ్వాళ్లు అందిస్తున్నవాళ్లు మనలో ఇంకా ఉన్నారని నాకు తెలుసు. కోయాల్సింది ఉంటే దవాఖానకు వెళ్లి కోయించుకోండి, అది అవిశ్వాసం కాదు, ఆ కత్తి పట్టిన చేతిని కూడా దేవుడే నడిపిస్తాడు. కోయలేనిది ఉంటే దానితోనే రండి. మా అత్తమ్మ కోసం ప్రార్థన చేయండి, ఆమె కూడా ఏదో ఒక రోజు ఆ దుప్పటి నా చేతికి ఇచ్చి గట్టు ఎక్కాలని నా ఆశ. ఇంతవరకు నడిపిన దేవునికే మహిమ, ఘనత. ఆపరేషన్ గురించి ఎవరికైనా అడగాలని ఉంటే బండి దగ్గరికి రండి, పక్కకు తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెబుతాను. నీళ్లు ఎలా ఉంటాయని అడిగితే మాత్రం చెప్పను, దిగి చూడండి.